కొమ్ములు జరిగితే నీరు నడిచినట్టు

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, తీరగ్రామాల మత్స్యకారులు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం, సముద్రంలో నీటి నడకని ఒడ్డు నుంచే కొలిచే రాడార్ గురించి రిటైరైన భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. సభలో వచ్చిన ప్రశ్నలు కొన్ని చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందకి దించు బాబూ... ఆ, చాలు.

కళింగపట్నం వైపు నుంచి వచ్చిన పెద్దల్ని ముందు వరసలో కూర్చోమంటే వెనక బెంచీలకి వెళ్ళిపోయారు. మా కాలేజీలోనూ ఇంతే, విషయం తెలిసినవాడు వెనకే కూర్చుంటాడు. (నవ్వులు) ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం వాళ్ళకి తెలుసు. పిల్లలకి మిగతా సగం చెప్తే నా పని అయిపోయినట్టే.

మా అమ్మ పుట్టిల్లు గార మండలంలో సముద్రం ఒడ్డునే. నాకు పన్నెండేళ్ళప్పుడు మా మేనమామ వేటకెళ్తూ ఒకసారి తెప్ప మీద ఎక్కించుకున్నాడు. ఒడ్డు సన్నటి గీతలా అయిపోయాక తెడ్డు ఆపి, తాడుకి రాయి కట్టి నీళ్ళలోకి వదిలాడు. తాడు అరచేతిలో పట్టుకుని కళ్ళు మూసుకున్నట్టు కూర్చున్నాడు. "ఏటి సూస్తన్నావు మావా?" అన్నాను. "నీరు ఎటెల్తందో సూస్తన్నాను." నాకు నవ్వొచ్చింది. "కెరటాలన్నీ ఒడ్డుకే ఎల్తన్నాయి గదా, సూడ్డానికేటుంది?" అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు: "కెరటం ఎల్తాదిరా. నీరు ఎల్దు. నీరు ఎల్లే దారి ఏరే."

తర్వాత ఎమ్మెస్సీ చదివి, ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పి, ఆ మాటనే బోర్డు మీద సమీకరణాల్లో రాస్తూ వచ్చాను. ఆయన చెప్పినంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

కొబ్బరిచిప్ప ఒకటి నీళ్ళ మీద వేసి చూడండి. కెరటం వచ్చినప్పుడు పైకి లేస్తుంది, కొంచెం ముందుకి వెళ్తుంది, కిందకి దిగి దాదాపు ఉన్నచోటికే వస్తుంది. కెరటం దాటిపోతుంది, చిప్ప ఉండిపోతుంది. కాసేపు అలాగే చూస్తే మాత్రం చిప్ప పక్కకి జరుగుతూ ఉంటుంది. ఒడ్డువైపుకి కాదు, ఒడ్డు వెంబడి. ఆ జరగడమే ప్రవాహం. మన కంటికి కెరటం కనిపిస్తుంది, ప్రవాహం కనిపించదు. ఇంజను ఆగిపోయిన పడవని లాక్కుపోయేది ఆ కనిపించనిదే. గాలి కూడా తోస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఎంత లాక్కుపోతుంది? సెకనుకి అర మీటరు అనుకోండి. వినడానికి చీమ నడకలా ఉంది. గంటకి 1.8 కిలోమీటర్లు. రోజు తిరిగేసరికి 43 కిలోమీటర్లు. మన తీరంలో ప్రవాహం బలంగా ఉన్నప్పుడు సెకనుకి ఒక మీటరు కూడా అందుకుంటుంది. అప్పుడు రోజుకి 86 కిలోమీటర్లు. కళింగపట్నం నుంచి భీమిలికి కాకి ఎగిరితే సుమారుగా అంతే దూరం. నిన్న పొద్దున్న మన ఒడ్డుకి ఎదురుగా ఆగిపోయిన పడవ కోసం ఇవాళ పొద్దున్న మన ఒడ్డుకి ఎదురుగా వెతికితే ఏం దొరుకుతుంది?

ఎటు లాక్కుపోతుందన్నది కాలాన్ని బట్టి మారుతుంది. వెనక బెంచీలో వాళ్ళని అడగండి, వేళ్ళ మీద చెప్తారు. శివరాత్రి దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా తీరం వెంబడి నీరు ఉత్తరానికి, ఒడిశా వైపుకి నడుస్తుంది. దసరా, దీపావళి దాటాక తిరగబడి దక్షిణానికి వస్తుంది. ప్రపంచంలో చాలా తీరప్రవాహాలు ఏడాదంతా ఒకే దిక్కుకి పోతాయి. మనది ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. నైరుతి నెలల్లో దానికి ఇంత నిలకడ కూడా ఉండదు.

దక్షిణానికి దిగే ఆ నీటిలో ఇంకో తమాషా ఉంది. గంగా, బ్రహ్మపుత్ర, మహానది వానాకాలంలో కుమ్మరించిన మంచినీళ్ళు సముద్రంలో వెంటనే కలిసిపోవు. సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున, తక్కువ ఉప్పున్న పట్టీలా, తీరాన్ని అంటుకుని కిందకి పాకుతాయి. 2014లో దాన్ని సముద్రంలో నది అని రాశారు శాస్త్రవేత్తలు. ఎలా కనిపెట్టారో తెలుసా? ఓడల మీద కాదు. తూర్పు తీరం పొడుగునా మత్స్యకారులు ఐదేసి రోజులకోసారి సీసాల్లో పట్టి ఇచ్చిన నీళ్ళలో ఉప్పు కొలిచి. ఈ సంగతి చెప్పినప్పుడు మావాడొకడు అన్నాడు, "ఆ చప్పనీళ్ళ సంగతి మమ్మల్నే అడిగుంటే సీసాలు మిగిలేవి కదా మాస్టారూ" అని. (నవ్వులు) నవ్వకండి, సీసా లేకపోతే ఎంత చప్పనో తెలీదు. ఎంత అన్నది తెలిస్తేనే లెక్క కుదురుతుంది.

సరే, రాడార్‌కి వద్దాం.

రాడార్ అనగానే మనకి గుర్తొచ్చేది విశాఖలో కైలాసగిరి మీద ఉన్నది. అది వాతావరణ శాఖ వాళ్ళది, మబ్బుల్లో వానని చూస్తుంది. దాని తరంగం పొడవు జానెడు కూడా ఉండదు, సుమారు 10 సెంటీమీటర్లు. టార్చిలైటు వెలుగులా సూటిగా పోతుంది. భూమి గుండ్రం కాబట్టి, దూరం పోయేకొద్దీ సముద్రం దాని కిందకి జారిపోతుంది.

నీటి నడకని కొలిచేది వేరే జాతి. దాని తరంగం పొడవు 60 మీటర్లు, మన కాలేజీ భవనమంత. 5 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 50 లక్షల ఊపుల దగ్గర పనిచేస్తుంది. పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే షార్ట్‌వేవ్. ఒకప్పుడు మనం రాత్రిపూట రేడియో సిలోన్ కోసం ముల్లు తిప్పేవాళ్ళం చూడండి, ఆ వీధిలోదే ఇది కూడా. ఈ తరంగానికి ఉప్పునీరంటే ఇష్టం. ఉప్పునీరు కరెంటుని బాగా పారనిస్తుంది కాబట్టి తరంగం నీటిని అంటిపెట్టుకుని, భూమి వంపుతోపాటు తానూ వంగుతూ, కంటిచూపు ఆగిపోయే గీత దాటి 200 కిలోమీటర్ల దాకా పోతుంది. నేల మీదైతే కొంత దూరానికే నీరసించిపోతుంది. అందుకే దాని స్తంభాన్ని నీటికి వీలైనంత దగ్గర పాతాలి. తుపాను వస్తే మొదట దెబ్బతినేదీ అందుకే అది.

చూడ్డానికి ఏమీ ఉండదు. తూర్పు తీరంలోనే ఒకచోట (ఏ ఊరో చెప్పను) నేను చూడ్డానికి వెళ్ళాను. సరుగుడు చెట్ల మధ్య రెండు పొడుగాటి కమ్మీలు, పక్కన ఒక చిన్న గది, లోపల కంప్యూటరు, ఒక ఏసీ. తిరిగే గిన్నె లేదు, మిణుకుమిణుకుమనే లైట్లు లేవు. ఒక స్తంభానికి మేకని కట్టేసి ఉంది. మేక తాలూకు ముసలమ్మని "ఇదేటి అమ్మా?" అని అడిగితే, "సెల్లు టవరు బాబూ, కానీ సిగ్నలు రాదు" అంది. (నవ్వులు) నేను వెళ్ళిన రోజు ఆ స్టేషను పనిచేయడం లేదు. రాగి కోసం ఎవరో కేబులు కోసుకుపోయారు. లోపల కుర్రాడు తల పట్టుకుని కూర్చున్నాడు. కొత్త కేబులు రావడానికి కాగితాలు ఎన్ని చేతులు మారాలో అతను చెప్పుకొచ్చాడు. అది ఇక్కడ వద్దు, పొద్దుపోతుంది.

అసలు కిటుకు వినండి. ఆ స్తంభంలోంచి వెళ్ళిన తరంగం ప్రతి కెరటానికీ తగిలి చెల్లాచెదురవుతుంది. సముద్రం మీద ఒకేసారి వెయ్యి రకాల కెరటాలుంటాయి, చిన్నవి, పెద్దవి, అడ్డంగా వచ్చేవి. వాటన్నిటి ప్రతిధ్వనీ కలిస్తే గోలే తప్ప మాట వినిపించదు. కానీ ఒక్క జాతి కెరటాలు మాత్రం గోలలోంచి బయటికి వస్తాయి.

అలివి వల లాగడం చూసే ఉంటారు. ఒడ్డున ఇరవై ముప్ఫై మంది తాడు పట్టుకుంటారు. ఎవడికి వాడు లాగితే వల కదలదు. "ఐలెస్సా" అనగానే అందరూ ఒకే క్షణాన లాగితే కదులుతుంది. రాడార్ తరంగం పొడవు 60 మీటర్లు అనుకున్నాం కదా. కెరటాల తలలు సరిగ్గా 30 మీటర్ల ఎడంలో ఉంటే, మొదటి తలకి తగిలి వెనక్కొచ్చే తరంగానికీ రెండో తలకి తగిలి వచ్చేదానికీ పోను 30, రాను 30, మొత్తం 60 మీటర్ల తేడా. అంటే సరిగ్గా ఒక పూర్తి తరంగం. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. అన్ని ప్రతిధ్వనులూ ఒకే ఊపులో వెనక్కి వచ్చి ఐలెస్సా అంటాయి. 25 మీటర్ల ఎడం ఉన్నవీ 40 మీటర్లవీ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. సముద్రం మొత్తంలో రాడార్ గట్టిగా వినేది ఆ ఒక్క 30 మీటర్ల జాతినే. స్ఫటికాల మీద ఎక్స్‌రేలు పడితే జరిగేదీ ఇదే. పిల్లలూ, బ్రాగ్ నియమం గుర్తుందా? పరీక్షలో ఉప్పుగల్లు మీద రాశారే, అదే ఇక్కడ ఉప్పునీటి మీద.

దీన్ని మొదట పట్టుకున్నాయన న్యూజిలాండ్‌లో డగ్లస్ క్రాంబీ, 1955లో. 13.56 మెగాహెర్ట్జ్ తరంగం సముద్రం మీదకి పంపితే తిరిగొచ్చినదాంట్లో సెకనుకి 0.38 ఊపుల తేడా కనిపించింది. గాలి పెరిగినా తగ్గినా ఆ తేడా దాదాపు అక్కడే ఉంది. అంతకుముందు రాడార్ మనుషులకి సముద్రం నుంచి వచ్చే ప్రతిధ్వని ఒక చెత్త, ఓడల్ని కనిపించనీయకుండా అడ్డుపడేది. ఈయన ఆ చెత్తలోకే చెవి పెట్టాడు.

ఆ తేడా ఎందుకొస్తుంది? ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద నిలబడి, మన స్టేషన్లో ఆగని బండి కూత వినండి. దగ్గరకొస్తున్నప్పుడు సన్నగా ఉంటుంది, దాటిపోగానే బొంగురుపోతుంది. కెరటం మనవైపు వస్తుంటే ప్రతిధ్వని ఊపులు కొంచెం పెరుగుతాయి, అవతలికి పోతుంటే తగ్గుతాయి. 30 మీటర్ల కెరటం లోతు నీళ్ళలో ఎంత వేగంగా పోవాలో గాలి చెప్పదు, భూమ్యాకర్షణ చెప్తుంది. సెకనుకి 6.8 మీటర్లు, గంటకి సుమారు 25 కిలోమీటర్లు. ఎప్పుడైనా అంతే. క్రాంబీ చూసిన తేడా మారకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు కంప్యూటరు గీసే బొమ్మ చూపిస్తాను. ఆ కాగితం ఇలా ఇవ్వు బాబూ. చూడండి, మధ్యలో సున్నా, అంటే ఊపుల్లో తేడా లేని చోటు. కుడికి పోతే ఊపులు పెరిగినట్టు, ఎడమకి పోతే తగ్గినట్టు. కుడిపక్క ఒక కొమ్ము, మనవైపు వచ్చే కెరటాలది. ఎడమపక్క ఒక కొమ్ము, అవతలికి పోయేవాటిది. ఎద్దు తల ఎదురుగా పెట్టినట్టుంది కదా? గాలి ఎటునుంచి వీస్తుందో దాన్ని బట్టి ఒక కొమ్ము పొడుగు, ఒకటి పొట్టి. నీరు కదలకుండా ఉంటే రెండు కొమ్ములూ సున్నాకి చెరొకపక్క, సమాన దూరంలో ఉంటాయి. నీరు మనవైపు నడుస్తోందనుకోండి. దాని మీదున్న కెరటాలన్నిటినీ, వచ్చేవాటినీ పోయేవాటినీ, మోసుకుని మరీ వస్తుంది. అప్పుడు రెండు కొమ్ములూ కలిసి కుడికి జరుగుతాయి. ఎద్దు తల తిప్పినట్టు. కొమ్ముల మధ్య ఎడం మారదు, ఎడం తాలూకు నడిమధ్య మారుతుంది. ఆ జరిగిన కాస్తా నీటి నడక. కెరటం వేరు, నీరు వేరు అని మా మేనమామ అన్నాడే, ఈ కాగితం మీద అవి రెండూ నిజంగానే విడివిడిగా కనిపిస్తాయి.

ఎంత జరుగుతుందో కూడా చెప్పాలి, ఈ పని ఎంత నాజూకుదో అప్పుడే తెలుస్తుంది. నీరు సెకనుకి అర మీటరు నడిస్తే వచ్చే తేడా నిమిషానికి ఒక్క ఊపు. ఈ తరంగం నిమిషానికి 30 కోట్ల సార్లు ఊగుతుంది. ముప్ఫై కోట్లలో ఒకటి ఎక్కువైందా తక్కువైందా అని లెక్కపెట్టాలి. అందుకని రాడార్ ఒక్క క్షణంలో చూసేసి చెప్పదు. నిమిషాల తరబడి వింటుంది, విన్నవి సగటు కట్టి, గంటకో పటం ఇస్తుంది. దూరం ఎంతో మాత్రం ప్రతిధ్వని ఆలస్యాన్ని బట్టి తెలుస్తుంది. 150 కిలోమీటర్ల అవతలి కెరటం నుంచి జవాబు రావడానికి సెకనులో వెయ్యోవంతు పడుతుంది. ఈ రకం రాడార్ సముద్రాన్ని సుమారు 6 కిలోమీటర్ల గళ్ళుగా చూస్తుంది, అంతకన్నా సన్నగా చూడలేదు.

ఇక్కడో చిక్కుంది. ఒక్క రాడార్ ఉంటే నీరు దగ్గరకొస్తోందా, దూరం పోతోందా అంతే తెలుస్తుంది. అడ్డంగా పోయే నీరు దానికి ఆగిపోయినట్టే లెక్క. పొలం గట్టు మీద కూర్చున్నవాడికి చీకట్లో లాంతరు కనిపించినట్టన్నమాట. ఇంకో గట్టు మీద ఇంకొకడు కూర్చుని, ఇద్దరూ చెప్పినవి కలిపితేనే లాంతరు పట్టుకున్నవాడు ఎటు నడుస్తున్నాడో తేలుతుంది. అందుకని రాడార్లని జంటలుగా పెడతారు. జంటలో రెండింటినీ కలిపే గీత మీద మాత్రం ఇద్దరూ ఒకే మాట చెప్తారు కాబట్టి అక్కడ లెక్క కుదరదు.

మన దేశంలో ఇలాంటి జంటలు ఐదు పెట్టారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఆ పని చేసింది. గుజరాత్‌లో ఒక జంట, తమిళనాడులో కల్పాక్కం, కడలూరు, అండమాన్‌లో ఒక జంట. మన రాష్ట్రం వైపు మచిలీపట్నం, యానాం. ఒడిశాలో గోపాల్‌పూర్, పూరీ. అవి చెప్పేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌కి, అంటే జాతీయ సముద్ర సమాచార కేంద్రానికి వెళ్తుంది. వేటకెళ్ళేముందు మీకు వచ్చే కెరటాల హెచ్చరికలూ, చేపలు దొరికే చోట్ల సమాచారమూ ఇచ్చేది వాళ్ళే.

ఇప్పుడు పటం గుర్తుతెచ్చుకోండి. కింద యానాం, పైన గోపాల్‌పూర్. మధ్యలో ఎవరున్నారు? మనమే. (కదలిక) శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం అని పుస్తకాల్లో ఉంటుంది, విజయనగరానికి 28. యానాం నుంచి భోగాపురం తీరానికి గాలి దారిన దాదాపు 200 కిలోమీటర్లు, అంటే దాని వినికిడి చివరి అంచు. బారువ, సోంపేట వైపు గోపాల్‌పూర్‌కి దగ్గరే. కానీ ఒకటి వింటే చాలదని ఇప్పుడే అనుకున్నాం, రెండోది కూడా మంచి కోణంలో వినాలి. కళింగపట్నం నుంచి కోనాడ దాకా, అంటే వంశధార కలిసే చోటు నుంచి చంపావతి కలిసే చోటు దాకా, రెండు జంటలకీ మధ్య సందులో ఉన్నాం. ఒకటి కళింగపట్నంలో, ఒకటి భీమిలి దగ్గర పెడితే బాగుంటుందని నా కోరిక. రెండుచోట్లా పాత లైట్‌హౌసులున్నాయి. మన తాతలు ఓడలకి దారి చూపడానికి ఎంచుకున్న చోట్లే నీటిని వినడానికీ పనికొస్తాయి. ఇది నా సొంత అభిప్రాయం, దీని వెనక ఏ కాగితమూ లేదు.

తుపాన్ల సంగతి చెప్పకుండా మన జిల్లాలో ఏ ప్రసంగమూ పూర్తవదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖలో, 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస వైపు, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడుకున్నాయో మీ కళ్ళతో చూశారు. ఒడ్డున జరిగింది అందరికీ తెలుసు. నీళ్ళలో ఏం జరుగుతుందో వినండి.

తుపాను గాలి సముద్రాన్ని ఒక్క తోపు తోసి పోతుంది. గాలి ఆగిపోయినా నీరు ఆగదు. భూమి తిరుగుతోంది కాబట్టి కదిలే నీరు కుడికి ఒరుగుతూ, ఒరుగుతూ, గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది. మన అక్షాంశం దగ్గర ఒక చుట్టు తిరగడానికి సుమారు 38 గంటలు. తుపాను దాటిపోయాక రోజుల తరబడి లోతు సముద్రం మీద నీరు అలా గడియారం ముల్లు తిరిగే వైపుకి సున్నాలు చుడుతూ ఉంటుంది. కొట్టుకుపోయిన పడవ తిన్నగా ఒక దిక్కుకి పోదు, సున్నాలు చుడుతూ పోతుంది. ఓడ మీంచి ఒక్కచోట కొలిస్తే ఇది అంతుపట్టదు. గంటగంటకీ పటం ఇచ్చే రాడార్‌లో ఆ చుట్టు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది, స్తంభం పడిపోకుండా నిలబడి ఉంటే.

వెతికేవాళ్ళకి ఇది ఎంత మేలో చెప్పడానికి ఒక లెక్క. అమెరికా తూర్పు తీరంలో పరీక్ష చేశారు. తప్పిపోయిన వస్తువు 96 గంటల తర్వాత ఎక్కడుండొచ్చో లెక్కకడితే, మామూలు పద్ధతిలో వెతకాల్సిన జాగా 36,000 చదరపు కిలోమీటర్లు వచ్చింది. రాడార్ చెప్పిన ప్రవాహాలు కలిపితే అది 12,000కి తగ్గింది. మూడోవంతు! 2009 నుంచి అక్కడి కోస్ట్‌గార్డు దీన్ని రోజువారీ పనిలో పెట్టుకుంది. మన దగ్గర ఇన్‌కాయిస్ 2016లో సారట్ అని ఒక సాధనం తెచ్చింది. పడవ చివరిసారి ఎక్కడ, ఎన్ని గంటలకి కనిపించిందో చెప్తే, ఎటువైపు వెతకాలో పటం ఇస్తుంది. అందుకే చెప్తున్నాను, ఇంట్లోవాళ్ళకి వెళ్ళిన టైమూ దిక్కూ చెప్పి వెళ్ళండి. కోస్ట్‌గార్డు నంబరు 1554, గుర్తుపెట్టుకోండి.

గుజరాత్ వలసెళ్ళినవాళ్ళ ఇళ్ళవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. 2018 నవంబరులో అక్కడి నుంచి వేటకెళ్ళి, తెలియకుండా గీత దాటిపోయి, పాకిస్తాన్ వాళ్ళ చేతికి చిక్కి, 2020 జనవరిలో తిరిగొచ్చిన మన రెండు జిల్లాల పిల్లల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళ మీద గీత ఉండదు. (కాసేపు మౌనం)

కెరటాల ఎత్తు సంగతి పిల్లలు అడుగుతారు కాబట్టి ఒక మాట. ఎద్దు కొమ్ముల పక్కన చిన్న చిన్న మొటికలు కనిపిస్తున్నాయా ఈ కాగితం మీద? అవి కెరటాలు ఒకదానితో ఒకటి కలవడం వల్ల వచ్చే బలహీనమైన ప్రతిధ్వనులు. వాటిలోంచి ఎత్తు రాబట్టవచ్చని 1970ల్లో డొనాల్డ్ బారిక్ లాంటివాళ్ళు లెక్కలు కట్టారు. కానీ మన తీరంలో పెట్టిన దూరపు రాడార్లకి సముద్రం మామూలుగా ఉన్న రోజున ఆ మొటికలు గోలలో కలిసిపోతాయి, కెరటాలు బాగా లేస్తేనే చదవగలం. 25 మెగాహెర్ట్జ్ రాడార్ చిన్న కెరటాల్ని బాగా చదువుతుంది. కానీ అది కొద్ది దూరమే చూస్తుంది, పైగా కెరటం 4 మీటర్లు దాటితే తికమకపడిపోతుంది. కాబట్టి ఎత్తు కొలవడానికి విశాఖ, గోపాల్‌పూర్ దగ్గర నీళ్ళలో తేలే బోయాల్నే నమ్ముకోవాలి. నన్నడిగితే ఈ రాడార్ ప్రవాహాల రాడారే. కెరటాలు దానికి కొసరు.

సునామీ? 2011లో జపాన్ సునామీని జపాన్‌లో, అవతల అమెరికా తీరంలో ఈ రాడార్లు పట్టుకున్నాయి. అయితే సునామీ తోపు నీరు లోతు తగ్గిన చోటే తెలుస్తుంది. మన తీరానికి ఎదురుగా లోతు తక్కువున్న మేర ఇరుకు. హెచ్చరిక వచ్చినా నిమిషాల్లోనే వస్తుంది.

చాలు, ఇంక అడగండి.

ఒక విద్యార్థిని: సార్, రాడార్ రాత్రీ పగలూ ఒకేలా పనిచేస్తుందా?

చేయదమ్మా. ఇందాక సిలోన్ అన్నాను కదా. రాత్రయితే పైనున్న అయనోస్ఫియర్, అంటే రేడియో తరంగాల్ని కిందకి తిప్పి పంపే గాలి పొర, ఎక్కడెక్కడి షార్ట్‌వేవ్ స్టేషన్లనో మనకి తెచ్చి పడేస్తుంది. అప్పట్లో అది మనకి పాట, రాడార్‌కి ఇప్పుడు రొద. రాత్రి దాని చూపు తగ్గుతుంది. ఈ రొద తగ్గించడానికే 2012లో జెనీవాలో దేశాలన్నీ కూర్చుని సముద్ర రాడార్లకి కొన్ని ఫ్రీక్వెన్సీలు కేటాయించాయి. ఇంకోటి, వరదల్లో వంశధార నోటి దగ్గర చప్పనీరు పరుచుకుంటే కూడా తరంగం అంత దూరం పోదు. ఉప్పు తగ్గింది కదా.

ఒక యువకుడు: దాని రేడియేషన్ వల్ల చేపలకి, మనుషులకి ఏమైనా...

సగటున సుమారు 40 వాట్లు. మన ఇళ్ళల్లో పాతకాలపు బల్బు అంత కూడా కాదు. చేపల మాటకొస్తే, ఉప్పునీరు ఈ తరంగాన్ని పై మీదే ఆపేస్తుంది, లోపలికి దిగనివ్వదు. స్తంభాన్ని పట్టుకుని వేలాడకపోతే చాలు. మేక బాగానే ఉంది. (నవ్వులు)

వెనక వరసలోంచి ఒక మత్స్యకారుడు: బాబూ, తిన్నగా అడుగుతాను. ఇది మా ఊళ్ళో పెడితే మా బోట్లు కనిపిస్తాయా? నిషేధం రోజుల్లో ఎవడు వేటకెళ్ళాడో గవుర్మెంటోళ్ళకి తెలిసిపోద్దా?

(నవ్వులు, చప్పట్లు) మంచి ప్రశ్న, ఇంతసేపూ ఎవరూ అడగలేదేమా అనుకుంటున్నాను. మీ ఫైబరు బోటు దీనికి కనిపించదన్నా. ఆరు కిలోమీటర్ల గడిలో మీ బోటు ఎంత? పెద్ద ఇనుప ఓడ అయితే ఒక్కోసారి ప్రతిధ్వనిలో మచ్చలా పడుతుంది, దాన్ని తీసి పారేయడానికే నానా తంటాలు పడతారు. అలాగని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్ళమని నేను చెప్పినట్టు ఊళ్ళో చెప్పకండి.

మరొక పెద్దాయన: మాస్టారూ, పైన నీరు ఒకవైపు, కింద నీరు ఇంకోవైపు ఎల్లడం ఉంటాది. వల కిందుంటాది గదా. ఇది ఏ నీరు సెప్తాది?

పై నీరే. ముప్ఫై మీటర్ల కెరటానికి తెలిసేది పైన రెండు రెండున్నర మీటర్ల నీరు. దాని కింద ఏముందో దానికి తెలీదు. కొట్టుకుపోయే పడవకి ఆ పై నీరే కావాలి, వలకి చాలదు. మీరు రాయి ఎన్ని బారలు దించుతారు?

పెద్దాయన: ఎనిమిది. ఒక్కోసారి పది.

రాడార్ బారన్నర దాటదు.